ఒక గీటు తాగి మాట్లాడు

మొన్న ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఉన్న మందుల షాపులో కాళ్ళనొప్పుల తైలం కోసం నిలబడి ఉన్నాను. నా ముందు ముగ్గురున్నారు. ముగ్గురికీ కావలసింది ఒకటే, నిద్ర బిళ్ళలు. ఒకామెకు అత్త కోసమట. ఒకాయనకు పరీక్షలు రాసే కొడుకు కోసమట, భయం పోవాలట. మూడో అతను మాత్రం నిజం చెప్పాడు, "నాకే అన్నా, బిళ్ళ ఏసుకోకపోతే చెయ్యి వణకతా ఉండాది" అని. షాపాయన డాక్టరు చీటీ అడగలేదు సరికదా, తల కూడా ఎత్తలేదు. కత్తెర తీసుకుని అట్టలు కరకరా కత్తిరించి ముగ్గురికీ పంచాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఏమయ్యా, శనక్కాయలా అవి, అడిగినోళ్ళకల్లా పోస్తా ఉండావే?" అన్నాను.

"ఏందవ్వా, నీకూ ఒక అట్ట ఇమ్మంటావా? కోపం తగ్గతాది," అన్నాడు.

ఎనభై దాటినదాన్ని, నాకు కోపం తగ్గిస్తాడట! తిట్టబోయి నవ్వేశాను. ఈ విద్యలో మా ఉదయగిరి మీకంటే ఎప్పుడో ముందుండేదిరా నాయనా అని చెప్పాలనిపించింది. చెబితే నమ్ముతాడా? తైలం తీసుకుని బస్సెక్కి కూర్చున్నాక, ఇంటికొచ్చేదాకా మా పెదనాయనే కళ్ళముందు తిరిగాడు.

పేరు చెప్పను. ఆయన మనవలు ఇప్పటికీ ఉదయగిరిలో ఉన్నారు, తగాదాకు వస్తారు. ఆయనే ఉండి ఉంటే ఆ తగాదా కూడా ఆయన వాకిట్లోకే వెళ్ళేది, మా అందరికీ తలా కొంచెం మందు పోసి కూర్చోబెట్టేవాడు. మా వీధిలో అందరికీ ఆయన పెదనాయనే. మాకు రక్తసంబంధమేమీ లేదు. మా నాయన కూడా ఆయన్ను పెదనాయనా అనే పిలిచేవాడు. ఆ లెక్కన నేను తాతా అనాలి. ఎవరూ ఆ లెక్క చూసుకోలేదు.

మనిషి పొడుగు, ఆ పొడుగు మీద ఇంకా పొడుగ్గా తలపాగా. మాట మొదలుపెట్టే ముందు రెండు కళ్ళూ బొటనవేలితో, చూపుడువేలితో నొక్కుకునేవాడు. ఎదుటివాడు అరుస్తుంటే అరచెయ్యి చాపి గాలిలో మెల్లగా కిందికి అదిమేవాడు, పొంగే పాలమీద మూత పెట్టినట్టు. "అదురు తగ్గించుకో నాయనా, అదురు," అనేవాడు. ఆయన లెక్కలో లోకంలో ఉన్న జబ్బు ఒక్కటే, అదురు. కోర్టుకెక్కితే అదురు. పెళ్ళాం మీద అనుమానం అదురు. ఎలక్షన్లంటే ఊరంతటికీ ఒకేసారి వచ్చే అదురు. మా పక్కింటి కోడలికి కవలలు పుడితే కూడా, "ఆ పిల్ల చిన్నప్పటినించీ అంతే, అదురు మనిషి" అన్నాడు.

భూములు కొడుకులు చూసుకునేవాళ్ళు. ఆయన పని ఇతరుల తగాదాలు తీర్చడం. గట్టు తగాదా గానీ, నీటి వంతు గానీ, మొగుడూ పెళ్ళాల గొడవ గానీ, ఇటు సీతారామపురం దాకా ఎవరికి ఏమొచ్చినా ఆయన వాకిలి తొక్కవలసిందే. మా వైపు అప్పట్లో ఒక ఆచారం ఉండేది. తీర్పు చెప్పాక రెండు పక్షాలవాళ్ళూ ఒకే ముంతలోంచి కల్లు తాగాలి. తాగితే తీర్పు నిలిచినట్టు. తాగకుండా లేచి వెళ్ళారా, తెల్లారి మళ్ళీ కర్రలు తీసుకోవచ్చు, తప్పులేదు. ఆడవాళ్ళయితే ముంత అంచు పెదవులకు తాకిస్తే చాలు.

ఇంతలో సర్కారువారి కల్లు బందు వచ్చిపడింది. తాటిచెట్లు ఉన్నచోటే ఉన్నాయి, ముంతలు మాత్రం దిగిపోయాయి. పెదనాయన చిక్కులో పడ్డాడు. తీర్పు చెబుతున్నాడు, తాగి ఖాయం చెయ్యడానికి ఏమీ లేదు. మజ్జిగ పోసి చూశాడు. మజ్జిగ తాగినవాళ్ళు మూతి తుడుచుకుని తగాదా మళ్ళీ మొదటినుంచి అందుకున్నారు. పానకం పోసి చూశాడు. పానకానికి చీమలు వచ్చాయిగానీ శాంతి రాలేదు. పానకం తాగిన అన్నదమ్ములిద్దరు ఆ చెంబుతోనే ఒకరి తల ఒకరు పగలగొట్టుకున్నారు. ఆ రోజునుంచే ఆయనకు నిద్ర దూరమైందని పెద్దకోడలు అనేది. అదేంకాదు, రాత్రిపూట ముంత లేకనే అని చిన్నకొడుకు అనేవాడు. కారణం ఏదైతేనేం, మంచం మీద పొర్లడమేగానీ కన్ను మూతపడేది కాదు.

ఆత్మకూరులో ఒక డాక్టరు ఉండేవాడు. ఆయన పరీక్ష చేసి నరాలకు బ్రోమైడు మిక్చరు రాశాడు. లేత గులాబీరంగు నీళ్ళు. నాలుక మీద ఉప్పగా తగిలి చివర్లో చేదు. ఆ రోజుల్లో మందుకు పోతే సీసా మనమే కడుక్కుని తీసుకుపోవాలి. కాంపౌండరు అందులో మందు పోసి, కాగితం ముక్కకు ఒక అంచున గాట్లు కత్తిరించి సీసా పక్కన అంటించేవాడు. ఒక గాటు నుంచి దాని కింది గాటు దాకా ఒక వేళ మందు. దాన్నే మేం గీటు అనేవాళ్ళం. రాత్రికి ఒక గీటు తాగమన్నాడు డాక్టరు. పెదనాయన తాగాడు, నిద్రపోయాడు. లేచి, లోకంలో తనకు తెలియని సంగతి ఒకటి ఇన్నాళ్ళూ ఉందే అని ఆశ్చర్యపోయాడు.

వచ్చిన చిక్కల్లా సీసాతో. డాక్టరు చూసిన సీసా చిన్నది, ఆయన చేతిలో ఆనేది కాదు. రెండోసారి ఇంట్లో ఆముదం పోసుకునే లావు సీసా కడిగించి తీసుకుపోయాడు. కాంపౌండరు దాని నిండా మందు పోసి కొత్త కాగితం కత్తిరించబోతే వద్దన్నాడు. చిన్న సీసా మీది కాగితాన్ని తడిపి జాగ్రత్తగా ఊడదీసి జేబులో పెట్టుకొచ్చాడు మహానుభావుడు! దాన్నే పెద్ద సీసాకు అంటించాడు.

"సీసా లావుగా ఉండాది పెదనాయనా, గీటుకు మందెక్కువ పడతాది," అన్నాడట కాంపౌండరు.

"నాకు డాక్టరు చెప్పింది గీటు. సీసా సంగతి చెప్పలా. గీటు గీటే గదా!" అన్నాడు పెదనాయన.

కాంపౌండరు సీసాకు బిరడా బిగించి ఇచ్చాడు. ఆ తర్వాత సీసా పోయి ఊరగాయ జాడీ వచ్చింది. జాడీ బయటినుంచి లోపల మందు కనబడదు కాబట్టి కాగితాన్ని గరిటె కాడకు అంటించుకున్నాడు, మా ఊళ్ళో చేసే చెక్క గరిటె. కాడ ముంచి చూసేవాడు, ఒక గీటు దిగేదాకా పోసేవాడు. పాత్ర లావయ్యేకొద్దీ గీటూ లావయింది. చివరికి డాక్టరు చెప్పిన గీటుకూ పెదనాయన పోసే గీటుకూ పేరులో తప్ప పోలిక లేదు. మందు కూడా కాంపౌండరు దగ్గరినుంచి పొడి పొట్లాలుగా బస్సులో వచ్చేది, కోడలు కాచిన నీళ్ళలో కలిపేది.

ఇక మందు పంచాయతీలోకి ఎలా వచ్చిందంటే, ఒకరోజు సీతారామపురం రైతులిద్దరు చెరువునీటి వంతుకోసం ఆయన ముందు గొంతులు చించుకుంటున్నారు. వినలేక పెదనాయన మధ్యలోనే ఒక గీటు పోసుకుని తాగాడు. "ఏంది పెదనాయనా అది?" అన్నాడు ఒకడు. "అదురు మందు," అన్నాడాయన. "మరి మాకేదీ?" అన్నాడు రెండోవాడు. న్యాయమే కదా, చెరో గీటు పోశాడు. కాసేపటికి మొదటివాడు, "పోనీలే, వాణ్ణే పెట్టుకోమను నీళ్ళు" అన్నాడు. "నాకెందుకులే, నువ్వే పెట్టుకో" అన్నాడు రెండోవాడు. ఇద్దరూ భుజాలమీద చేతులేసుకుని వెళ్ళారు. ఆ ఏడు ఇద్దరూ నీళ్ళు పెట్టుకోలేదు. రెండు చేలూ ఎండిపోయాయి, తగాదా మాత్రం మళ్ళీ రాలేదు. పెదనాయన కీర్తి కొండెక్కింది.

అప్పటినుంచి ఆచారం తిరగబడింది. కల్లు రోజుల్లో తీర్పు అయ్యాక తాగేవాళ్ళు, ఇప్పుడు తీర్పుకు ముందే తాగాలి. ఎవరు నోరు తెరవబోయినా, "ముందు ఒక గీటు తాగి మాట్లాడు" అనేవాడు. తాగాక మాట్లాడేవాళ్ళు తక్కువ. మాట్లాడినా "కానీలే" అన్న మాట ఒకటే. "ఏ మంత్రం వేస్తాడో గానీ ఆయన వాకిట్లో కూర్చుంటే మనసు చల్లబడిపోతాది" అని మా నాయన తెగ మురిసిపోయేవాడు. మా నాయనా రోజూ ఒక గీటు తాగేవాడు, ఏ తగాదా లేకుండానే.

ఇక ఊరు చూడాలి ఊరు! సంతలో బేరమాడేవాడు లేడు. వంకాయలామె చెప్పిన ధర ఇవ్వబోతే, వద్దులే ఊరికే తీసుకుపొమ్మనేది ఆమె. పొడిచే ఎద్దుకు ఎవడో ఒక గీటు తాపించాడు. అది పోయి బస్సు రోడ్డుకు అడ్డంగా పడుకుంది. ఆత్మకూరు నుంచి వచ్చిన ప్రయాణికులు డ్రైవర్ని తిట్టారు, ఎద్దును తిట్టారు, మా ఊరిని తిట్టారు. మా ఊరివాళ్ళు మాత్రం బస్సు దిగి ఎద్దు పక్కనే కూర్చున్నారు, అది లేచినప్పుడు లేస్తుందిలే అని. వీధినాటకం వాళ్ళు వచ్చి తెల్లవార్లూ ఆడితే ఒక్కరు ఏడవలేదు, ఒక్కరు నవ్వలేదు, ఒక్కరు లేచి పోలేదు. ఆడేవాళ్ళకే భయమేసి మర్నాడే మూట కట్టుకున్నారు.

అన్నిటికంటే విడ్డూరం ఏమిటంటే, మందు కావాలంటే తగాదా ఉండాలి కదా. తగాదా లేనివాళ్ళ గతేమిటి? ఒకే కంచంలో తినే అన్నదమ్ములు నులకమంచం నాదంటే నాదని పంచాయతీ పెట్టుకున్నారు. ఒక ముసలి దంపతులు విడిపోతామని వారం వారం వచ్చేవాళ్ళు. చెరో గీటు తాగి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఇంటికి పోయేవాళ్ళు. వాకిట్లో జనం నిలువలేక పెదనాయన పందిరి వేయించాడు.

ఆయనకు మాత్రం ముఖం నిండా మొటిమలు లేచాయి. అరవై ఏళ్ళ మనిషికి మొటిమలేమిటని ఊరంతా చెప్పుకుంది. వయసు తిరిగొస్తున్నదని ఆయనే చెప్పుకుని మీసం దువ్వుకునేవాడు. మాట ముద్దగా వచ్చేది. నడిస్తే కాళ్ళు ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి మరిచిపోయేవాడు. రాత్రి మందు రాత్రికి చాలక పగలూ తాగేవాడు. అంత తాగినా నిద్ర మళ్ళీ పోయింది. కూర్చున్నచోట కునుకు తీసేవాడు, పడుకుంటే మెలకువే.

సంగతి ఎలా తెలిసిందో, ఆత్మకూరు డాక్టరు ఒకరోజు బస్సు దిగి వచ్చాడు. పందిరి చూశాడు, జాడీ చూశాడు, గరిటె కాడ మీది కాగితం చూశాడు. నెత్తి కొట్టుకున్నాడు.

"ఇది మీ ఒక్కరికి రాసిన మందండీ, అదీ కొన్నాళ్ళకే. ఊరికి కాదు. ఇట్టా తాపిస్తే మనుషులు మొద్దుబారిపోతారు. ఒక్కసారిగా మానినా కష్టమే. మెల్లగా తగ్గించండి."

"ఊరికి కాదంటే ఎట్టా డాక్టరూ? ఊరు నాది గాదా?" అన్నాడు పెదనాయన. కళ్ళు నొక్కుకుని, అరచెయ్యి చాపి గాలిలో అదుముతూ, "మీకు అదురెక్కువైనట్టుండాది. ఒక గీటు తాగి మాట్లాడండి" అన్నాడు.

డాక్టరు వచ్చిన బస్సుకే తిరిగి వెళ్ళిపోయాడు. కాంపౌండరుకు చెప్పి పొట్లాలు పంపడం ఆపించాడు. పెదనాయన నెల్లూరు నుంచి తెప్పించుకున్నాడు.

ఇదంతా చూసి నేను పగలబడి నవ్వేదాన్ని. అప్పుడు నాకు పెళ్ళిసంబంధాలు చూస్తున్నారు, పిల్లకు నోరెక్కువని వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోతున్నారు. ఒక గీటు తాపించి చూపించమని మా నాయనకు ఎవరో సలహా కూడా ఇచ్చారు. నవ్వు ఎప్పుడు ఆగిపోయిందంటే, మా అక్క ఇంటికి వచ్చినప్పుడు.

అక్కను సీతారామపురంలో ఇచ్చారు. బావ విషజ్వరంతో పోయాడు. కర్మలయ్యాక అత్తగారివాళ్ళు అక్కను బండెక్కించి మా ఇంటికి పంపేశారు. పిల్లను మాత్రం పంపలేదు. పెంచలమ్మకు అప్పుడు మూడేళ్ళు. "చేను పిల్లది, పిల్ల మాది" అన్నాడు అక్క మామగారు. చేను తీసుకోండి, పిల్లను ఇవ్వండి అని అక్క కాళ్ళమీద పడింది. రెండూ ఉంచుకున్నారు.

అక్క మా ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చేది. అన్నం ముద్ద నోటిదాకా తెచ్చుకుని, పిల్ల తిన్నదో లేదో అని ఏడ్చేది. నాయన ఆ ఏడుపు చూడలేక పెదనాయన దగ్గరికి పోయి సీసా నింపుకొచ్చాడు. రోజుకు ఇన్ని గీట్లని తాపించాడు. అక్క ఏడుపు ఆపింది. చూడండి, ఎంత బాగా పనిచేసిందో అని నాయన అందరికీ చెప్పుకున్నాడు.

పంచాయతీ పెట్టారు. అందరూ తాగారు. పెదనాయన కళ్ళు నొక్కుకుని, "అమ్మే, పిల్ల వాళ్ళ దగ్గిరే ఉంటే నీకేమన్నా అడ్డమా?" అని అడిగాడు. నేను అక్క ముఖంలోకి చూస్తున్నాను. అక్క చాలాసేపు పందిరి కప్పువైపు చూసింది.

"కానీలే," అంది.

తీర్పు అయిపోయింది. మామగారు సంతోషంగా లేచి పోయాడు. ఇంటికొచ్చి నేను తల బాదుకున్నాను. "నీ బిడ్డనే ఇచ్చేశావు, తెలుస్తా ఉండాదా నీకు?" అని అరిచాను. అక్క నావైపు చూసి మెత్తగా నవ్వింది. ఆ నవ్వు మా అక్కది కాదు. తర్వాత ఒక మధ్యాహ్నం సీతారామపురం నుంచి బండివాడొకడు వచ్చి, "పెంచలమ్మకు జొరమొచ్చి తగ్గింది తల్లీ, బయపడబాక" అని చెప్పాడు.

"ఏ పెంచలమ్మ?" అంది అక్క.

బండివాడు బిక్కచచ్చిపోయాడు. నేను లోపలికి పోయి సీసా తెచ్చి దొడ్లో రాయిమీద వేసి పగలగొట్టాను. నాయన అరిచాడు. నేను ఇంకా గట్టిగా అరిచాను. మెల్లగా తగ్గించమని డాక్టరు చెప్పిన మాట నాకు ఆ కోపంలో గుర్తే లేదు. దాంతో అక్క పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. చేతులు వణికాయి, వాంతులయ్యాయి, నిద్ర లేదు, ఒంటిమీద చీమలు పాకుతున్నాయని గీరుకుంది. నేను పక్కనే కూర్చుని గంజి తాపిస్తూ ఉండిపోయాను. చివరికి ఒక పొద్దున ముఖం కడుక్కుంటూ కడుక్కుంటూ, నీళ్ళ చెంబు కింద పడేసి, "నా పెంచలమ్మేదే?" అని బావురుమంది. ఏడుపు విని అంత సంతోషపడ్డది నా బతుకులో అదొక్కసారే.

ఇద్దరం పెదనాయన దగ్గరికి పోయాం. తీర్పయ్యాక మళ్ళీ తీర్పా అని కసురుతాడనుకున్నాను. దానికి జవాబుగా ఏమేం అనాలో దారిపొడవునా కట్టుకుంటూ పోయాను. ఆయన అంతా విని, "అయ్యో, ఇంత అన్నేయమా! మరి నా దగ్గరికి ముందే రాలేదేంది?" అన్నాడు.

ఆయనకు మొదటి తీర్పు సంగతే మనసులో లేదు. సీతారామపురానికి కబురు పెట్టాడు. అక్క మామగారైనా గుర్తుచేస్తాడని భయపడ్డాను. ఆయన కబురు తెచ్చిన బండివాణ్ణి అడిగింది ఒకటేనట, "మందుంటాది గదా?" అని. ఉంటుందంటే వచ్చాడు, అక్క మరిదిని, పిల్లను కూడా వెంటబెట్టుకుని. పిల్లను ముందుపెట్టి మాట్లాడాలని పెదనాయన కబురులోనే చెప్పించాడు.

పందిరి కింద అందరూ చేరారు. పెంచలమ్మ తాత ఒళ్ళో కూర్చుని మావైపు చూస్తున్నది. అక్క ఒంట్లో ప్రాణమంతా కళ్ళలోకి వచ్చేసింది. పెదనాయన గరిటె కాడ ముంచి చూసి లోటాలు నింపాడు. మామగారు తాగాడు, మరిది తాగాడు, మా నాయన తాగాడు, వచ్చిన పెద్దమనుషులంతా తాగారు. అక్క లోటా కింద పెట్టేసింది.

"నేను తాగను పెదనాయనా. తాగకుండానే మాట్లాడతా."

అలాంటి మాట ఆ పందిరి కింద ఎవరూ అనలేదు. పెద్దమనుషులు చిక్కులో పడ్డారు. తాగనిదే కూర్చున్నట్టు కాదు, కూర్చోనిదే తీర్పు లేదు. ఒకాయన పెదవులకు తాకిస్తే చాలన్నాడు. ఇంకొకాయన అది కల్లు రోజుల్లో అన్నాడు. మందుకు ఆ సడలింపు వర్తిస్తుందా లేదా అని మెత్తమెత్తగా వాదించుకున్నారు. వాదించుకుంటూనే ఒక్కొక్కరు స్తంభాలకు ఆనుకున్నారు.

"అది విషం కాదే తల్లీ, చూడు," అని పెదనాయన అక్క లోటా ఎత్తి గటగటా తాగేశాడు. నావైపు చూశాడు. నేనూ తాగలేదు. "నువ్వూ నమ్మవా?" అని నాదీ తాగేశాడు. అంతకుముందు తనది తాగే ఉన్నాడు.

ఇక అక్క చెప్పడం మొదలుపెట్టింది. బావ జ్వరం సంగతి, చివరి రోజున బావ పిల్లను అడిగిన సంగతి, బండెక్కించి పంపితే పిల్ల వెంట పరుగెత్తిన సంగతి, పాలకోసం రొమ్ము పోటు పెట్టిన సంగతి కూడా దాచుకోకుండా చెప్పింది. మామగారి గడ్డం తన ఛాతీమీదికి వాలింది. మరిది నోరు తెరుచుకున్నది. మా నాయన గురక పెడుతున్నాడు. నిద్రపోయే మగవాళ్ళ మధ్య నిలబడి మా అక్క ఒక్కటే తన న్యాయం తాను చెప్పుకుంటున్నది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందు రావాలో తెలియక రెండూ కలిసి వచ్చాయి.

పెదనాయన మాత్రం నిద్రపోలేదు. రెప్పలు బరువుగా వాలి ఉన్నాయి, లోపల గుడ్లు తెరిచే ఉన్నాయి.

"నిద్ర పడతా ఉండాదా నీకు?" అన్నాడు.

"బిడ్డ లేకుండా నిద్రెట్టా పడతాది పెదనాయనా?"

ఆయన ఆ మాటను నోట్లో వేసుకుని నమిలినట్టు కూర్చున్నాడు. తర్వాత, "అయితే నీది అదురు గాదు. నీకు మందు పనికిరాదు. ఎత్తుకోపో," అన్నాడు.

అక్క మామగారి చెయ్యి మెల్లగా పైకెత్తి, దాని కింద నుంచి పిల్లను తీసుకుంది. పెంచలమ్మ ఒక క్షణం తల్లిని కొత్తగా చూసింది. తర్వాత మెడ చుట్టూ చేతులేసి ఎంత గట్టిగా పట్టుకున్నదంటే, అక్క పైట చిరిగింది. వాకిలి దాటుతూ అక్క వెనక్కి తిరిగింది.

"మరి నీకెందుకు పట్టదు పెదనాయనా?"

ఆయన కళ్ళు నొక్కుకున్నాడు. చాలాసేపు నొక్కుకున్నాడు. "ఏదో ఉండేదమ్మే," అన్నాడు, "శానా పెద్దదే ఉండేది. మరిసిపోయినా."

సాయంత్రానికి లేచిన మామగారు పిల్లేదని గోలపెట్టాడట. "తీర్పయింది గదయ్యా. పిల్లను తల్లికియ్యమని చెప్తే నువ్వే తలూపినావు," అన్నాడట పెదనాయన. నిద్రలో తల ఊగిన మాట నిజమే. కాదనడానికి మామగారికి ఏదీ గుర్తులేదు. ఇంకో గీటు తాగి బండెక్కాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక మిట్టమధ్యాహ్నం పెదనాయన మా ఇంటికి వచ్చాడు, గోడలు పట్టుకుంటూ. వసారాలో చాపమీద అక్క, పెంచలమ్మ నిద్రపోతున్నారు. పిల్ల కాలు అక్క పొట్టమీద ఉంది. ఈగలు వాలుతున్నా ఇద్దరికీ తెలియడం లేదు. నేను చెయ్యి అడ్డం పెట్టి, లేపొద్దని సైగ చేశాను. ఆయన చప్పుడు చెయ్యకుండా చాప పక్కన నేలమీద కూలబడ్డాడు. అక్క ముఖంలోకి, పిల్ల ముఖంలోకి మార్చి మార్చి చూశాడు.

"ఎవురు పోసినారే వీళ్ళకు మందు?" అని గుసగుసగా అడిగాడు.

"ఎవురూ పొయ్యలా పెదనాయనా. ఊరికే నిద్రపోయినారు."

"ఊరికేనా?"

"ఊరికే."

ఆయన నమ్మలేదు. చుట్టూ వెతికాడు. చాప అంచు ఎత్తి చూశాడు, గూట్లోకి చూశాడు, నా చేతులవైపు చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అబద్ధం చెప్పబాకమ్మే. యాడ దాచినారో చెప్పు," అన్నాడు. "నాక్కూడా రవ్వంత పొయ్యి."